పేరు కొట్టేయబోయిన ఉత్తరాన్ని ఆపిన లేబర్ లాయరు: కొన్నేళ్ల అనుభవం మీద ఒక సమీక్ష

జీడిమెట్ల పారిశ్రామికవాడలో నలభై మంది లోపు పనివాళ్లతో చిన్న మెషీనింగ్ యూనిట్ నడుపుతున్నాను. కార్మిక చట్టాల విషయంలో యాజమాన్యాలకు సలహా ఇచ్చే ఒక న్యాయవాది గారిని నెలవారీ ఫీజు మీద కొన్నేళ్లుగా పెట్టుకున్నాను. పీఎఫ్ చలానాలు, రిజిస్టర్లు ఏ కన్సల్టెంటైనా చూడగలరు కనుక వాటి జోలికి వెళ్లను. పనివాడి ఉద్యోగానికి సంబంధించిన ఏ ఉత్తరమూ తాను చదవకుండా మా గేటు దాటకూడదని ఆయన మొదటి రోజే పెట్టిన నియమం గురించే ముఖ్యంగా చెప్పాలి.

మా దగ్గర చాలాకాలంగా లేత్ మీద పనిచేస్తున్న ఆపరేటరు ఒకరు చెప్పాపెట్టకుండా రావడం మానేశారు. ఫోను కలవలేదు, అద్దె ఇంటికి తాళం వేసి ఉంది, ఆర్డరు గడువు చూస్తే దగ్గర పడుతోంది. 'తమరు స్వచ్ఛందంగా ఉద్యోగం వదులుకున్నట్టు భావించి మస్టరు నుంచి పేరు తొలగిస్తున్నాము' అంటూ మా మేనేజరు ఒక ఉత్తరం తయారుచేసి, నా సంతకానికి ముందు నియమం ప్రకారం లాయరు గారికి పంపించారు. కాసేపటికే ఆయన ఫోను చేశారు. "ఆయనకు ఈఎస్ఐ బీమా ఉంది కదండీ? ముందు బ్రాంచి ఆఫీసులో కనుక్కోండి. ఈ ఉత్తరం మాత్రం పంపకండి."

కనుక్కుంటే తెలిసింది, ఆ ఆపరేటరుకు క్షయ సోకిందని, సొంత ఊరికి వెళ్లి అక్కడే మందులు వాడుతూ ఈఎస్ఐ అనారోగ్య భృతి తీసుకుంటున్నారని. ఆయన వైద్య సర్టిఫికెట్ల సంగతి మా ఆఫీసు దాకా ఇంకా రాలేదు. భృతి తీసుకుంటున్న కాలంలో ఉద్యోగిని తొలగించకూడదని, అప్పుడిచ్చిన తొలగింపు నోటీసు చెల్లదని అప్పటి ఈఎస్ఐ చట్టం 73వ సెక్షను స్పష్టంగా చెప్పేది. జబ్బు లేకపోయినా ఆ ఉత్తరం నిలబడేది కాదని లాయరు గారు తర్వాత వివరించారు. ఇన్ని రోజులు రాకపోతే ఉద్యోగం దానంతటదే పోతుందని స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే ఫ్యాక్టరీ రాతపూర్వక ఉద్యోగ నిబంధనల్లో, రాసి ఉన్నా, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా తీసేయడం తప్పని డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే తేల్చింది. స్టాండింగ్ ఆర్డర్లే లేని మా యూనిట్‌కు ఆ మాత్రం ఆధారం కూడా లేదు. ఆ ఆపరేటరు కోలుకుని మళ్లీ అదే మెషీను మీదికి వచ్చారు. కోర్టు ఖర్చు తప్పినందుకన్నా, మంచాన పడిన మనిషికి ఆ కాగితం చేరనందుకే నేను ఆయనకు ఎక్కువ రుణపడి ఉన్నాను.

ఆ ఊపులో, ఏ కార్మిక సమస్య వచ్చినా ఈయన ఉంటే చాలని తోటి యజమానులకు చెబుతూ వచ్చాను. ఆ మాటను ఇప్పుడు కొంత తగ్గించుకోవాలి. తర్వాత ఒక లైను మూసేసినప్పుడు, తీసేసిన వాళ్లకు నోటీసు కాలపు జీతం, పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం అదే రోజు చేతికి అందేలా ఆయన దగ్గరుండి చూశారు. అయినా ఒకరు అసిస్టెంట్ లేబర్ కమిషనర్ దగ్గరికి వెళ్లారు. రాజీ చర్చల్లో లాయర్లు ఎవరి తరఫునా హాజరు కాకూడదని అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం 36వ సెక్షను చెప్పేది. ఆ మాట ఆయన నాకు ముందురోజు సాయంత్రం గానీ చెప్పలేదు. అవతలి పక్క ఇలాంటి చర్చల్లో ఆరితేరిన యూనియన్ నాయకుడు, ఇవతల ఒక పేజీ నోట్సుతో నేను. జూనియర్‌ను ఉంచుకుని సీనియర్‌ను ఎందుకు తీశారన్న ప్రశ్నకు ఆ పేజీలో జవాబు లేదు. చివరికి అదే చట్టం 12(3) సెక్షను కింద, ఆ చర్చల్లోనే కుదిరిన రాజీ ఒప్పందంతో వ్యవహారం సర్దుకుంది గానీ, ఆ గదిలో నేను పడిన ఇబ్బంది మాత్రం ముందుగా ఒక గంట కూర్చోబెట్టి చెప్పి ఉంటే తప్పేదే.

2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఆయన సమాధానాలు నెమ్మదించాయి. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగం వేతనంలో కలుస్తుందన్న నిబంధన మీద మా జీతాల పట్టిక ఎలా మార్చాలో అడిగితే, ఆలోచించి చెబుతానన్నారు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పకపోవడం మంచి లక్షణమే. నెల తిరిగేసరికి జీతాలు వేయాల్సిన వాడికి మాత్రం ఆ ఓపిక కష్టం.

హెచ్‌ఆర్ విభాగం లేని, ఉత్తరాలన్నీ మేనేజరే రాసే నాలాంటి వాళ్లకు ఈ సేవ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. గట్టి యూనియన్ ఉన్న ఫ్యాక్టరీకి, చర్చల్లో పక్కన కూర్చోగల సొంత అధికారి కూడా అవసరం కావచ్చు. పదిమందైనా లేని యూనిట్‌కు నెలవారీ ఫీజు బరువే. నేనైతే ఈ ఏడాది ఒప్పందం పొడిగించుకున్నాను, ఏ చర్చకైనా రెండు రోజుల ముందు నాతో కూర్చుని ప్రశ్నలూ జవాబులూ సిద్ధం చేయించాలన్న షరతు అందులో రాయించుకుని.