గిన్నెలు తోముతూ విన్న నవ్వుల పాఠం

తొలి క్రైస్తవ రచనల్లో నవ్వు గురించిన ఆడియో కోర్సు ఇది. గిన్నెలు తోముకుంటూ విన్నాను. రెండో భాగంలో చెయ్యి ఆగిపోయింది. మనిషి నవ్వే జీవే, అలాగని గుర్రం రోజంతా సకిలిస్తూ ఉంటుందా అంటాడు తొలినాటి క్రైస్తవ గురువు అలెగ్జాండ్రియా క్లెమెంట్. ఆయనకు చిరునవ్వు సమ్మతమే, పగలబడి నవ్వితేనే గిట్టదు. 4వ శతాబ్దం చివర అంతియొకయ నగరంలో ప్రసంగాలు చేసిన జాన్ క్రిసోస్టమ్ ఇంకా గట్టివాడు. క్రీస్తు ఏడ్చినట్టు సువార్తల్లో ఉంది కానీ నవ్వినట్టు ఎక్కడా లేదన్నాడు. మరి బైబిల్లో చేరని యూదా సువార్తలో శిష్యుల ప్రార్థన చూసి యేసు నవ్వుతాడే! దాన్ని రెండు నిమిషాల్లో తేల్చేశారు, నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు నవ్వేవాళ్లు తర్వాత ఏడుస్తారని చెప్పే బైబిల్ వాక్యం లూకా 6:25కి మాత్రం గంట! మాస్టారి గొంతు బాగుంది, గ్రీకు మాటలు చక్కగా విడమరిచారు. మూడున్నర స్టార్లు.