వసారా రమ్మీ, టోర్నమెంటు పోకరు: ఏ మర్యాద మేలు?

కావలిలో మా ఇంట్లో సంక్రాంతి మూడు రోజులూ వసారాలో పేక కలుపుతూనే ఉంటారు. ఆట ఎప్పుడూ రమ్మీయే. ఈసారి మేనల్లుడు పోకరు నేర్పుతానన్నాడు, అదీ టోర్నమెంటు పద్ధతిలో. డబ్బు మాట ఎత్తితే పేక పొయ్యిలో పడేస్తానని అమ్మ హెచ్చరించింది కాబట్టి తలా వంద చింతగింజలు పంచుకున్నాం. గవ్వ ఒకటికి పది గింజల విలువ.

మొదటి పేచీ గవ్వ దగ్గరే వచ్చింది. ముందువాడు నాలుగు గింజలు పెట్టాడు. బాబాయి మాట్లాడకుండా గవ్వ విసిరి, మా ముఖాలు చూసి, అప్పుడు "పెంచాను" అన్నాడు. మేనల్లుడు ఆరు గింజలు వెనక్కి ఇచ్చాడు. "మాట ముందు రావాలి తాతయ్యా. నోరు తెరవకుండా పెద్ద చిప్పు ఒక్కటే వేస్తే కాల్, అంటే ముందువాడితో సమానంగా పెట్టడం, కిందే లెక్క." బాబాయికి చిర్రెత్తింది. రమ్మీలో ఆయన ముక్క పారేసి, పక్కవాడు చేయి చాచగానే "పొరపాటురా, ఇటివ్వు" అని తీసుకునే మనిషి. ఎదుటివాడి ముఖం చదివాక మాట మార్చే వీలు లేకుండా చేసిన ఈ పోకరు నియమానికే నా ఓటు.

నోటి సంగతిలో తేడా ఇంకా పెద్దది. మా రమ్మీలో కాఫీ తెచ్చిన అత్తయ్య కూడా వెనక నిలబడి "ఆ రాణిని ఎందుకు వేశావు?" అంటుంది. పోకరులో అది నేరం: ఎవరి ముక్కలకు వాళ్లే ఆటగాడు, ముక్కలు పారేసి ఆ పందెం నుంచి తప్పుకున్నవాడు మౌనం. ఎందుకో ఆ రాత్రే తెలిసింది. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పరిచే ముక్కల్లో మూడు ఎనిమిదులు పడ్డాయి. అప్పటికే తన ముక్కలు పారేసిన పిన్ని "అయ్యో!" అంది. నాలుగో ఎనిమిది ఎటు పోయిందో అందరికీ అర్థమైంది. దానికే భయపడి వెనక్కి తగ్గబోతున్న నేను ధైర్యంగా కాల్ చేసి గెలిచాను. ఆ గింజలు ఇప్పటికీ నావి అనిపించవు. 2001లో ఏర్పడిన టోర్నమెంటు డైరెక్టర్ల సంఘం నియమాల్లో సాంకేతిక నిబంధన కంటే న్యాయమే ముందు అన్న సూత్రం ఉందట. దాన్ని చూపి పిన్నిని వదిలేశారు.

తమ్ముడు, మరదలు ఒకరి మీద ఒకరు పందెం పెంచుకోకపోవడం మాకు ముచ్చట. టోర్నమెంటులో అయితే శిక్ష, ఎందుకంటే వాళ్లు మిగుల్చుకున్న ప్రతి గింజా మూడోవాడికి నష్టమే.

పొరపాటు విషయంలో మాత్రం పోకరు దయగలది. చేతిలో ఏముందో తప్పుగా చెప్పినా ముక్కలు తెరిచి పెడితే అవే సాక్ష్యం. రమ్మీలో తప్పు షోకి 80 పాయింట్లు. అయినా ఇక్కడ రమ్మీదే న్యాయం అంటాను: ముక్కలు సరిగ్గా పేర్చుకోవడమే కదా ఆ ఆట! 1968లో సుప్రీంకోర్టు దాన్ని ప్రధానంగా నైపుణ్యం ఆట అన్నదీ ఊరికే కాదు.

గెలిచే ముక్కలు పట్టుకుని బాబాయి కళ్లజోడు తుడుచుకుంటూ ఊరించడం పోకరులో పరమ అమర్యాద. అదొక్కటి మా వసారాకు మినహాయించాం. పరాయివాళ్ల మధ్య అయితే నేనూ ఒప్పుకోను.

కనుమ నాడు పిన్ని ముక్కలు పారేసి, ఈసారి గట్టిగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు పైకి లేవడం చూసి బాబాయి గవ్వ అందుకున్నాడు. "పెంచుతున్నాను" అని ముందే చెప్పాడు.