ఇంటింటి సర్వేనా, కార్డు డేటానా, ఫోన్ డేటానా: నగర ప్రయాణాల అధ్యయనానికి ఏది మేలు?

నగరంలో ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నారో తెలియాలంటే ఇంటింటికీ తిరగాలా, లేక బస్సు, మెట్రో ఛార్జీకి తాకించే స్మార్ట్ కార్డుల లెక్కలు గానీ సెల్‌ఫోన్ రికార్డులు గానీ సంపాదిస్తే సరిపోతుందా అని రవాణా ప్రణాళికలో పరిశోధన మొదలుపెట్టే విద్యార్థులు నన్ను ఏటా అడుగుతూనే ఉంటారు. ఖర్చు, వ్యవధి చూసుకుంటే రెండో దారే సులువు. నేను మాత్రం ఆ లెక్కలో పడకుండా పోయేది ఎవరన్నది ముందు చూస్తాను.

కార్డు డేటాకు దాని ఘనత దానికుంది. సింగపూర్‌లో ఈజీ-లింక్ కార్డు 2002లో వచ్చింది. సియోల్ 2004 జూలైలో తన బస్సు వ్యవస్థను సమూలంగా మార్చి, దూరాన్ని బట్టి ఛార్జీ వసూలు చేయడం మొదలుపెట్టింది. ఈ రెండు నగరాల్లోనూ దిగేటప్పుడు కూడా కార్డు తాకిస్తారు కాబట్టి ప్రయాణానికి రెండు కొసలూ దొరుకుతాయి. ఇంతటి కచ్చితత్వం ఏ సర్వేకూ రాదు. మన సిటీ బస్సులో కండక్టర్ కొట్టే టికెట్‌పై స్టేజీలు ఉంటాయే గాని, ఆ మనిషి దిగాక మెట్రో ఎక్కాడో ఆటో ఎక్కాడో అది చెప్పదు. (తెలంగాణలో మహిళల ఉచిత ప్రయాణానికి 2023 డిసెంబరులో మొదలైన జీరో టికెట్ల పుణ్యమా అని బస్సుల్లో మహిళల ప్రయాణాలు విడిగా లెక్కకు రావడం మటుకు మంచి పరిణామమే.)

ఫోన్ డేటాకు ఢాకా మంచి ఉదాహరణ. 28.7 లక్షల మంది నెల రోజుల కాల్ రికార్డులను (ఎప్పుడు, ఏ టవర్ నుంచి మాట్లాడారన్న వివరాలను) తీసుకుని, 13 చోట్ల లెక్కించిన వాహనాల సంఖ్యతో సరిచూసి, ఏ ప్రాంతం నుంచి ఏ ప్రాంతానికి ఎన్ని ప్రయాణాలో అంచనా కట్టిన అధ్యయనం 2014లో వెలువడింది. అయితే కాల్ రికార్డుకు తెలిసేది టవర్ మాత్రమే, అదీ మనిషి మాట్లాడినప్పుడే; ఒకే టవర్ పరిధిలో సాగే కిలోమీటరు నడక దానికి కనిపించదు.

సిద్ధంగా ఉన్న జనగణన సరిపోదా అంటే, 2011 జనగణన పని స్థలానికి దూరాన్ని, వాహనాన్ని అడిగింది గాని వ్యవసాయదారులను వదిలేసింది, బడి ప్రయాణాలనూ అడగలేదు. నేపథ్యానికి తప్ప పనికిరాదు.

ఇక ఇంటింటి సర్వే. జపాన్‌లో 1967లో హిరోషిమాతో పెద్ద ఎత్తున మొదలైన ఈ పద్ధతిని జైకా (జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ) తరువాత జకార్తా, మనీలా, హనోయ్ అధ్యయనాలకు తీసుకెళ్ళింది. ఖర్చెక్కువ, చెప్పేవారికి మరుపు తప్పదు. అయినా ప్రయాణం ఎందుకో చెప్పేది ఇదొక్కటే కాబట్టి నా మొగ్గు దీనివైపే. అదీ సరిగ్గా అడిగితేనే సుమా. ఒకసారి గుమ్మంలో నిలబడ్డ ఇంటాయన, భార్య నిన్న ఎక్కడికి వెళ్ళారని అడిగితే, "ఆవిడ ఎక్కడికీ వెళ్ళదండీ" అన్నారు. ఆవిడను విడిగా అడిగాం: పిల్లవాణ్ణి బడిలో దింపి, రైతుబజారుకు వెళ్ళి, రేషన్ దుకాణంలో ఆగి ఇంటికి వచ్చి, సాయంత్రం మళ్ళీ బడికి వెళ్ళి వచ్చారు. రానూ పోనూ కలిపి ఆరు ప్రయాణాలు, అన్నీ కాలినడకనే. ఆ ఆరూ ఏ కార్డులోనూ లేవు. ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆయన జేబులో ఉంది.

కాబట్టి చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారు ఇళ్ళ సంఖ్య తగ్గించుకోండి, ఇంట్లో ప్రతి మనిషినీ విడిగా అడగడం మాత్రం మానకండి. కార్డు లెక్కలు దొరికితే మీరు ఎంచుకున్న ఇళ్ళ నమూనాను సరిచూసుకోవడానికి వాడుకోండి. ప్రశ్న కూడా "ఎక్కడికైనా వెళ్ళారా?" అని కాకుండా, "నిన్న పొద్దున లేచాక మొదట గడప ఎప్పుడు దాటారు?" అని మొదలుపెట్టండి.