కోరంగిలో బోటు ఎక్కేముందు ఒక మాట

కోరంగి మడ అడవులకు వెళ్లేవాళ్లు ముందు అడగాల్సింది టికెట్ ధర కాదు, పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు అని. మేం అడగలేదు. నల్లగొండలో బోరు మోటార్లు బాగు చేసుకునే నాకు నీళ్లు రోజుకు రెండుసార్లు ఎక్కి దిగుతాయని ఎలా తోస్తుంది? మా సాగర్‌లో నీళ్లు దిగితే మళ్లీ వరద వచ్చేదాకా ఎక్కవు.

ఫిబ్రవరిలో నేనూ నా భార్యా విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో సామర్లకోట వెళ్లి, కాకినాడ మీదుగా పొద్దున్నే కోరంగి చేరాం. డబ్బు తీసుకున్నాక గానీ చెప్పలేదు టికెట్లిచ్చే మనిషి, కాలువలో నీళ్లు చాలవు, బోటు కదలదు, రెండు గంటలు ఆగాలని. గట్టిగానే అడిగాను.

చెక్క వంతెన మీద నాలుగడుగులు వేశాక కోపం మరిచిపోయాను. నీళ్లు తీసినప్పుడే ఆ అడవి అసలు గుట్టు బయటపడుతుంది. బురదలోంచి వేలెడంత వేళ్లు వేలకొద్దీ పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. "ఏమండీ, చెట్లను తలకిందులుగా నాటారా?" అంది నా భార్య. బురదలో గాలి ఆడదు కాబట్టి తెల్లమడ చెట్టు వేళ్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటుందట. ఉప్పుపొన్న చెట్టయితే కాండం నుంచే వేళ్లు దింపి, గుంజల మీది పందిరిలా నిలబడింది. బురద మీద గెంతే చేపల్ని మొదటిసారి చూశాను. ఎండ్రకాయలు సరేసరి, అక్కడివాళ్లు పీతలంటారు. చేపలు పట్టే బావురుపిల్లి కోసం కళ్లు కాయలు కాశాయి గానీ, అది రాత్రి తిరిగే జీవి.

తీరా బోటు కదిలాక ఆ ఇంజను చప్పుడుకు కొంగలన్నీ లేచిపోయాయి. సైలెన్సర్ పోయింది, నాకైతే పూటలో అయ్యే పని. వంతెనకు అయిదుకు అయిదు, బోటుకు రెండు.

మర్నాడు కాకినాడ నుంచి పడవ మాట్లాడుకుని హోప్ ఐలాండ్‌కు వెళ్లాం. గోదావరి మోసుకొచ్చిన ఇసుకే రెండు వందల ఏళ్లుగా పేరుకుని, పదహారు కిలోమీటర్ల కట్టలా తయారైంది. దాని చాటున కాకినాడ వైపు నీళ్లు చెరువులా ఉంటాయి, అవతలి ఒడ్డున మాత్రం సముద్రం హోరెత్తుతోంది. ఆ ఒడ్డున మేమిద్దరం, పడవ నడిపే పెద్దాయన తప్ప మనిషి లేడు. మంచినీళ్లు మనమే మోసుకెళ్లాలి. చుట్టూ నీళ్లుండి తాగడానికి లేకపోవడం ఫ్లోరైడ్ జిల్లావాళ్లకు కొత్తేమీ కాదు, ఆరు సీసాలు పట్టుకెళ్లాం.

ఇసుకలో ట్రాక్టరు టైరు జాడ కనిపించింది. ఇక్కడికి ట్రాక్టరు ఎలా తెచ్చారని అడిగాను.

"ట్రాక్టరు కాదు బాబూ, తాబేలు. రాత్రి గుడ్లు పెట్టి వెళ్లిపోయింది" అన్నాడు పెద్దాయన.

నా భార్య చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ జాడను తొక్కకుండా దాని పక్కనే నీళ్లదాకా నడిచింది.