తూలే కాళ్లకు ఏది మేలు: స్క్రీనా, అద్దమా, గోడా?

విజయవాడ వన్‌టౌన్‌లో కొండ మీద ఇల్లున్న పెద్దవాళ్లకు కూరగాయలు కావాలన్నా మెట్లు దిగాల్సిందే. షుగర్‌తో అరికాళ్లు మొద్దుబారినవాళ్లు పగలు ఎలాగో దిగేస్తారు. కరెంటు పోతే మాత్రం అడుగు పడదు. మనం పడిపోకుండా నిలబడాలంటే కళ్లు, లోపలి చెవి, పాదాలు, కీళ్లు ఎప్పటికప్పుడు మెదడుకు కబురు పంపుతుండాలి. పాదాల కబురు ఆగితే భారమంతా కళ్ల మీద పడుతుంది.

అలాంటివాళ్లు నిలకడ సాధన చేయడానికి స్క్రీను, అద్దం, గోడ, ఈ మూడింటిలో ఏది మేలో చూద్దాం. ముందు స్క్రీను. ఫిజియోథెరపీలో వాడే బ్యాలెన్స్ బోర్డు ఎక్కితే, బరువు ఎటు మొగ్గుతోందో ఎదురుగా స్క్రీన్ మీద ఒక చుక్క చూపిస్తుంది. 2007లో నింటెండో కంపెనీ వీడియో గేమ్‌ల కోసం తెచ్చిన వీ బ్యాలెన్స్ బోర్డుదీ ఇదే పద్ధతి, నాలుగు మూలలా బరువు పసిగట్టే సెన్సర్లుంటాయి. పక్షవాతం తర్వాత ఒక కాలి మీదే నిలబడడం అలవాటైనవాళ్లకు ఇది మంచిది. తిన్నగానే ఉన్నామని వాళ్లనుకుంటారు, చుక్క కాదంటుంది. చిక్కేమిటంటే, చుక్కను చూస్తూ కుదిరిన నిలకడ చుక్క లేనప్పుడు కుదరకపోవచ్చు. అసలే కళ్ల మీద ఆధారపడ్డ షుగర్ మనిషికి మళ్లీ కళ్లకే పని చెప్పినట్టవుతుంది.

అద్దం చౌక. భుజం వాలిందా, నడుము పక్కకు ఒరిగిందా చూసుకోవడానికి చాలు. ముందుకూ వెనక్కూ తూలడం మాత్రం ఎదురుగా ఉన్న అద్దంలో సరిగ్గా తెలియదు.

నా ఓటు గోడకే. గోడను పట్టుకోమని కాదు, వేలి కొస ఆనించమని. 1994లో జెకా, లాక్నర్ అనే అమెరికా పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు. ఆ వేలి ఒత్తిడి 1 న్యూటన్ కన్నా తక్కువ, అంటే సుమారు 100 గ్రాముల బరువంత కూడా ఉండదు. మనిషిని ఆపడానికి అదేం సరిపోతుంది? అయినా ఊగడం తగ్గింది. ఒళ్లు ఎటు జరుగుతోందో వేలి చర్మం చెబుతుంది, మెదడు ఆ మేరకు సర్దుకుంటుంది. చేతికర్ర చేసే మేలులో కొంత ఇదే. కర్ర పట్టుకోవడం నామోషీ అనుకునే మన నాన్నలకు ఇది చెప్పి చూడండి!

ఇంట్లో అయితే వంటగట్టు పక్కన, వెనక కుర్చీ వేసుకుని, దగ్గర ఒక మనిషి ఉండగా చేయాలి. పాదాలు దగ్గరగా పెట్టి వేలు ఆనించాలి. కుదురు వచ్చాక కాసేపు వేలు తీసి మళ్లీ ఆనించాలి. ఇలా తీసి పెడుతుండడం ముఖ్యం, లేకపోతే వేలు కూడా ఆ చుక్కలాగే అలవాటైపోతుంది. కళ్లు మూసి చేయడం తర్వాతి మెట్టు, అదీ ఫిజియోథెరపిస్టు సరేనన్నాకే. తూలడం ఉన్నట్టుండి మొదలైనా, మాట తడబడినా వ్యాయామాల జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బోర్డు కొందామని డబ్బు దాచినవాళ్లు ముందు మెట్ల పక్కన రైలింగ్ వేయించండి. కరెంటు లేని రాత్రి చేతికి అందేది అదే.