కొత్త గిటార్ కొనే ముందు పాతదానికి సెటప్: ఒక సేవపై సమీక్ష

హైదరాబాద్‌లో గిటార్లు బాగుచేసే ఒక చిన్న వర్క్‌షాపులో నా ఎలక్ట్రిక్ గిటార్‌కు ఇటీవల పూర్తి సెటప్, అంటే తీగల ఎత్తు, స్వరాల కచ్చితత్వం వంటివి సరిచేసే పని, చేయించుకున్నాను. కొత్త గిటార్ కోసం పక్కన పెట్టుకున్న సొమ్ములో చాలా చిన్న భాగంతోనే ఆ పని పూర్తయింది, పైగా కొత్తది కొనవలసిన అవసరమే లేదని తేలింది. అందువల్ల దీన్ని కేవలం రిపేరుగా కాక కొనుగోలుకు ప్రత్యామ్నాయంగా కూడా అంచనా వేయడం సబబు.

గిటార్ వాయించేవాళ్లు తమలో తాము ‘గ్యాస్’ అని చెప్పుకునే కొనుగోలు యావ ఎలా మొదలవుతుందో ముందుగా చూడాలి. వీడియోలో ఎవరో ఒక కొత్త మోడల్‌ను వాయించి చూపిస్తారు. తీగలు చేతికి మెత్తగా అందుతున్నట్టు, ప్రతి స్వరం స్పష్టంగా పలుకుతున్నట్టు అనిపిస్తుంది. ఆ వీడియో కోసం ఆ గిటార్‌కు కొత్త తీగలు వేసి, అన్ని కొలతలూ సరిచూసి, శబ్దాన్ని మంచి మైకుతో రికార్డు చేసి ఉంటారని మనకు తట్టదు. ఏడాదిగా తీగలు మార్చని మన గిటార్‌ను దాని పక్కన పెట్టి పోల్చుకుంటాం. ఆ తేడాలో మోడల్ వల్ల వచ్చింది కొంతే, మిగిలినదంతా సెటప్ వల్ల వచ్చింది. డబ్బు మాత్రం మొత్తం తేడాకూ మోడలే కారణమనుకుని పెడతాం. కొన్న కొత్త గిటార్ కూడా రెండు వానాకాలాలు గడిచేసరికి అదే స్థితికి చేరుతుంది, అప్పటికి మరో వీడియో సిద్ధంగా ఉంటుంది.

పని మొదలుపెట్టే ముందు ఆ టెక్నీషియన్ అడిగిన ప్రశ్నలు నాకు బాగా నచ్చాయి. ఏ మందం తీగలు వాడతారు, ఏ శ్రుతిలో వాయిస్తారు, ఎక్కువగా కార్డ్‌లు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి) కొడతారా లేక ఒక్కొక్క స్వరం పలికిస్తారా, తీగను ఎంత దూరం లాగి వంచుతారు అని అడిగి, నా చేత కాసేపు వాయింపజేసి, కుడిచేతి దెబ్బ ఎంత బలంగా పడుతోందో గమనించారు. దెబ్బ గట్టిగా పడే చేతికి తీగలు మరీ కిందికి దించితే అవి ఫ్రెట్లకు (వేళ్లతో తీగలు నొక్కే చోట అడ్డంగా ఉండే లోహపు కమ్మీలకు) తగిలి గరగరలాడతాయి. అందుచేత అందరికీ వర్తించే ఒకే కొలత ఉండదు. రెడీమేడ్ చొక్కాను దర్జీ మనిషిని నిలబెట్టి చూసి సరిచేసినట్టు, ఫ్యాక్టరీ కొలతలను వాయించే చేతికి తగ్గట్టు మార్చడమే ఈ సేవలోని అసలు విలువ. గిటార్‌ను కౌంటర్ మీద తీసుకుని రశీదు చేతిలో పెట్టి పంపేసే చోట ఈ విలువలో సగం పోతుంది.

మొదటి పని నెక్ (తీగలు నొక్కే పొడవాటి మెడ భాగం) వంపును సరిచేయడం. శ్రుతి చేసి ఉన్న 10–46 మందపు (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కలో) తీగల సెట్టు ఎలక్ట్రిక్ గిటార్ నెక్‌ను 45 కిలోలకు పైగా బరువుతో ఎప్పుడూ లాగుతూ ఉంటుంది; అకౌస్టిక్ గిటార్‌కు వేసే 12–53 సెట్టు అయితే ఆ లాగుడు 70 కిలోలు దాటుతుంది. దాన్ని తట్టుకోవడానికి నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. 1920లలో గిబ్సన్ కంపెనీ తన వాయిద్యాలలో ప్రవేశపెట్టిన ఈ ఏర్పాటు ఇప్పుడు ఉక్కు తీగల గిటార్లన్నింటిలోనూ దాదాపుగా ఉంది. మొదటి ఫ్రెట్ దగ్గర తీగలను నొక్కిపట్టే కేపో అనే క్లిప్పు బిగించి, చివరి ఫ్రెట్ దగ్గర అదే తీగను నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్ మీద తీగకూ లోహానికీ మధ్య ఉన్న సందును రేకు గేజితో కొలుస్తారు. ఆ సందు పావు మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటే సాధారణంగా సరిపోతుంది. అంతకంటే బాగా ఎక్కువైతే నెక్ మధ్య భాగంలో తీగలు ఎత్తుగా ఉండి వేళ్లు అలసిపోతాయి, బొత్తిగా లేకపోతే మొదటి ఫ్రెట్ల దగ్గర గరగర మొదలవుతుంది. నా గిటార్‌లో వంపు ఎక్కువగా ఉందని గేజి పెట్టి చూపించి, కడ్డీని కొద్దికొద్దిగా తిప్పుతూ, తిప్పిన ప్రతిసారీ మళ్లీ శ్రుతి చేసి కొలిచారు. ఒక్కసారిగా పూర్తి చుట్టు తిప్పేవాళ్ల చేతికి గిటార్ ఇవ్వకూడదు.

వాతావరణం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అకౌస్టిక్ గిటార్లకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిదని తయారీదారులు సాధారణంగా చెబుతారు. విశాఖలోనో కాకినాడలోనో ఏడాదిలో చాలా భాగం తేమ దానికి మించే ఉంటుంది, ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పుపడతాయి, పైచెక్క ఉబ్బి తీగల ఎత్తు పెరుగుతుంది. హైదరాబాద్ మే నెల ఎండల్లో జరిగేది దీనికి విరుద్ధం. ఫింగర్‌బోర్డ్ (ఫ్రెట్లు బిగించిన చెక్క పలక) ఎండి కుంచించుకుపోయి ఫ్రెట్ల కొసలు అంచుల బయటికి పొడుచుకువస్తాయి. ఊరు మారినప్పుడల్లా, రుతువు మారినప్పుడల్లా గిటార్ చేతికి వేరేగా తగలడానికి ఇదీ ఒక కారణం. దాన్ని వాయిద్యం నాసిరకం అనడానికి రుజువుగా తీసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

సెటప్‌లో నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చే భాగం నట్ దగ్గర జరిగే పని. నట్ అంటే హెడ్‌స్టాక్ (నెక్ చివర తీగలు చుట్టి బిగించే భాగం) మొదట్లో తీగలు కూర్చునే గాళ్ల పట్టీ. ఆ గాళ్లు తగినంత లోతుగా లేకపోతే మొదటి ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తుగా నిలిచిపోతుంది. అప్పుడు ఎఫ్ కార్డ్ పట్టడం దుర్భరమవుతుంది, పట్టినా తీగ ఎక్కువ దూరం వంగడం వల్ల స్వరం శ్రుతి కంటే పైకి పోతుంది. గిటార్ నేర్చుకోవడం మొదలుపెట్టి ఎఫ్ దగ్గర ఆగిపోయినవాళ్లలో ఎంతోమందికి చేతిలో లోపమేమీ లేదని, లోపం ఈ పట్టీలోనే ఉందని నా గట్టి అభిప్రాయం. పరీక్ష తేలిక: మూడో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కిపట్టి మొదటి ఫ్రెట్ మీద ఎంత సందు ఉందో చూడాలి. కాగితం మందం లాంటి సన్నని సందు కనిపిస్తే చాలు. వెలుతురు బాగా దూరేటంత ఉంటే గాళ్లను తగిన ఆకురాయితో లోతు చేయించాలి. ఈ పని ఇంట్లో ప్రయత్నించదగ్గది కాదు, ఎందుకంటే ఒక్క రాపిడి ఎక్కువైతే తీగ నేరుగా ఫ్రెట్‌కు తగులుతుంది, నట్ మొత్తం మార్చవలసి వస్తుంది. ప్రతి తీగ మందానికీ వేరే ఆకురాయి వాడటం, మధ్యమధ్య తీగను మళ్లీ వేసి చూడటం ఈ వర్క్‌షాపులో నేను స్వయంగా చూశాను.

ఫ్రెట్ల విషయంలో వాళ్లు చూపిన నిగ్రహం కూడా మెచ్చుకోదగ్గదే. ఫ్రెట్ లెవెలింగ్ అంటే అరిగిన ఫ్రెట్ల ఎత్తుకు మిగతావాటిని రాసి సమం చేయడం. చేసిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది కాబట్టి ఒక గిటార్ జీవితకాలంలో అది కొన్నిసార్లే సాధ్యం. చిన్న ఉక్కు పలకను మూడేసి ఫ్రెట్ల మీద ఆనించి, అది ఊగడం లేదని చూపించి, పాలిష్ చాలునని చెప్పారు. లెవెలింగ్‌కు ఎక్కువ వసూలు చేసే అవకాశం ఉండి కూడా అక్కర్లేదని చెప్పడం ఈ వ్యాపారంలో చిన్న విషయం కాదు. ఆ తర్వాత కొత్త తీగలు వేసి ఇంటొనేషన్ సరిచేశారు: పన్నెండో ఫ్రెట్ దగ్గర తాకి పలికించే హార్మోనిక్, అక్కడే నొక్కి పలికించే స్వరం ఒకటే కావాలి; నొక్కిన స్వరం పైకి పోతే సాడిల్‌ను (కింది కొసన తీగ ఆనే చిన్న భాగాన్ని) వెనక్కి జరిపి తీగ నిడివి పెంచుతారు, కిందికి పోతే ముందుకు జరుపుతారు. అరిగిన తీగల మీద ఈ కొలత నిలకడగా రాదు, అందుకే తీగలు మార్చకుండా సెటప్ చేస్తామనేవాళ్లను నమ్మనక్కర్లేదు. వాల్యూమ్ నాబ్ చిటపటలకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టారు, అది రెండు నిమిషాల పని.

ఇక కొనుగోలు జాబితా సంగతి. లోపలికి వెళ్లేటప్పుడు నా మనసులో గిటార్‌తో పాటు మరి కొన్ని కొనవలసినవి ఉన్నాయి. తీగలన్నీ సమానమైన గట్టిదనంతో పలకడం లేదు కాబట్టి శబ్దాన్ని సమం చేసే కంప్రెసర్ పెడల్ కావాలనుకున్నాను. మంద్ర తీగల వైపు పికప్ (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంత భాగం) మరీ ఎత్తుగా ఉందని తేలింది. పికప్ అయస్కాంతాలు తీగకు మితిమీరి దగ్గరైతే తీగను లాగి స్వరాన్ని వణికిస్తాయి కూడా. స్క్రూడ్రైవర్‌తో దాన్ని కిందికి దించగానే సమస్య తీరిపోయింది. శ్రుతి నిలవడం లేదు కాబట్టి తీగను బిగించిపట్టే లాకింగ్ ట్యూనర్లు (శ్రుతి మరలు) కావాలనుకున్నాను. ట్యూనర్ తిప్పేటప్పుడు వచ్చే ‘టిక్’ అనే చప్పుడు నట్ గాడిలో తీగ ఇరుక్కుంటోందనడానికి గుర్తని చెప్పి, గాడిని నునుపు చేసి, పెన్సిల్ ముల్లు పొడి కొద్దిగా రాశారు. శబ్దం మసకగా ఉంది కాబట్టి కొత్త పికప్‌లు కావాలనుకున్నాను. వెయ్యి రూపాయల లోపు దొరికే కొత్త తీగల సెట్టుతో ఆ మసక పోయింది. జాబితాలో చివరికి మిగిలింది శబ్దాన్ని గరుకుగా చేసే ఓవర్‌డ్రైవ్ పెడల్ ఒక్కటే. అది కూడా అనవసరమని చెప్పడం అన్యాయం, ఎందుకంటే నా చిన్న యాంప్‌లో (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెలో) ఆ శబ్దం నిజంగానే లేదు, ఏ సెటప్ వల్లా అది రాదు. అసంతృప్తిని ఇలా భాగాలుగా విడదీసి, దేనికి స్క్రూడ్రైవర్ సరిపోతుందో, దేనికి డబ్బు పెట్టాలో తేల్చి చెప్పడమే ఈ సేవ వల్ల నాకు దక్కిన ప్రధాన లాభం.

అప్పటికే చేతిలో ఉన్నదాన్ని పూర్తిగా వాడుతున్నామా అన్న ప్రశ్న కూడా ఇక్కడ వస్తుంది. మన దగ్గర చాలామంది కొనే యమహా పసిఫికా 112వి గిటార్‌లో రెండు సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లు, ఒక హంబకర్ (రెండు చుట్టల పికప్), ఐదు స్థానాల స్విచ్చు ఉంటాయి; టోన్ నాబ్‌ను పైకి లాగితే హంబకర్ కూడా సింగిల్ కాయిల్‌లా పనిచేస్తుంది. ఆ నాబ్ పైకి వస్తుందని తెలియకుండానే సింగిల్ కాయిల్ శబ్దం కోసం ఇంకో గిటార్ వెతికేవాళ్లు ఉంటారంటే నేను ఆశ్చర్యపోను. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతం కోసం ఎలక్ట్రిక్ మాండలిన్‌కు సంప్రదాయంగా ఉండే నాలుగు జతల తీగలను వదిలి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. ఇంగ్లండ్‌కు చెందిన రాక్ గిటారిస్టు బ్రయన్ మే 1963లో తండ్రితో కలిసి ఇంట్లో చేయడం మొదలుపెట్టిన గిటార్‌నే క్వీన్ బృందంలో తన ప్రధాన వాయిద్యంగా వాడారు. గొప్పవాళ్లందరూ ఒక్క వాయిద్యంతోనే సరిపెట్టుకున్నారని నేను అనడం లేదు, పదులకొద్దీ గిటార్లు ఉన్న మహానుభావులూ ఉన్నారు. అయితే ఉన్న వాయిద్యాన్ని తమ సంగీతానికి తగినట్టు మలుచుకోవడం అనే దారి కూడా ఒకటుందని ఈ ఇద్దరినీ చూస్తే తెలుస్తుంది, సెటప్ ఆ దారిలో మొదటి అడుగు.

లోపాలు లేకపోలేదు. చేసిన కొలతలేవీ కాగితం మీద రాసి ఇవ్వలేదు. నెక్ వంపు, పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగల ఎత్తు, తీగల మందం ఒక చీటీ మీద రాసి ఇచ్చి ఉంటే వచ్చే ఏడాది ఏది ఎంత మారిందో పోల్చి చూసుకునే వీలుండేది. చెప్పిన రోజుకు పని కాలేదు. గోడకు వరుసగా వేలాడదీసిన పికప్‌లు, ఎముక నట్‌లు, మెరిసే ట్యూనర్ల మధ్య కూర్చుని ఎదురుచూడటం కూడా ప్రమాదమే, ఎందుకంటే గిటార్ కొనే యావ అక్కడ విడిభాగాలు కొనే యావగా మారుతుంది. పాత నట్ బాగానే పనిచేస్తుండగా ఎముకది వేయించుకుంటే శబ్దం మెరుగవుతుందా అని అడిగితే, మీకు తేడా వినపడకపోవచ్చని టెక్నీషియన్ నిజాయితీగానే చెప్పారు. అందరూ అలా చెబుతారన్న భరోసా లేదు కాబట్టి, పనుల చిట్టా, ఒక్కొక్కదాని ధర ముందే మాట్లాడుకుని, మధ్యలో దేన్నీ చేర్చకుండా ఉండటం మేలు.

ఈ సేవ అందరికీ సరిపడదు. బొత్తిగా చవకరకం గిటార్‌కు సెటప్ ఖర్చు దాని ధరలో మూడో వంతు దాటితే, ఆ డబ్బు మెరుగైన సెకండ్ హ్యాండ్ గిటార్‌కు కలపడమే నయం. నెక్ మెలితిరిగినా, అకౌస్టిక్‌లో తీగల కింది కొసలు బిగించే బ్రిడ్జ్ చెక్క నుంచి లేచిపోతున్నా అది సెటప్‌తో తీరే పని కాదు, పెద్ద రిపేరు. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్లలో చాలావాటికి ట్రస్ రాడ్ ఉండదు, అందువల్ల అక్కడ చేయగలిగింది తక్కువ. పదేళ్ల పిల్లవాడు పూర్తి సైజు గిటార్‌తో కుస్తీ పడుతుంటే తీగలు ఎంత దించినా లాభం లేదు, అతనికి చిన్న సైజు గిటార్ కొనవలసిందే.

నాకైన మొత్తం ఖర్చు తీగలతో సహా ఒక మంచి ఓవర్‌డ్రైవ్ పెడల్ ధరలో సగం కూడా లేదు. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఒక మార్కు తగ్గించింది ఆలస్యానికీ రాసివ్వని కొలతలకూ. వెళ్లదలచుకున్నవాళ్లు తాము ఎప్పుడూ వాడే మందం తీగల సెట్టును వెంట తీసుకెళ్లాలి, గిటార్‌తో పాటు తీగలు మీటే తమ పిక్‌ను కూడా మరిచిపోకూడదు. వానలు మొదలై చెక్క ఆ తేమకు అలవాటుపడిన తర్వాత, అంటే జులై చివరలో, వెళ్లడం మంచిదని టెక్నీషియన్ సలహా. మే నెల ఎండల్లో చేయించుకుంటే వానాకాలంలో మళ్లీ రావలసి ఉంటుందట.