నాచు కొనబోయేవారు ముందు ఇది చదవండి

విజయనగరంలో పెరటి మొక్కలు పెంచుకునే అందరికీ చెబుతున్నాను. "బతికి ఉన్న నాచు" (తడి గోడల మీద పచ్చగా పెరిగే మాస్‌) అంటూ పెట్టెల్లో అమ్ముతున్నదాన్ని తడిపి చూడకుండా కొనకండి.

మా పెరట్లో వాడకం లేని నుయ్యి ఒకటుంది. దాని గట్టు చుట్టూ పచ్చగా నాచు పరుచుకుంటే చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. జులైలో ఒక నర్సరీలో పెట్టె 450 రూపాయల చొప్పున మూడు కొన్నాను. "నాచు విత్తనాలు" అని 180 రూపాయల పొట్లం కూడా అంటగట్టారు.

ఒక పెట్టెడు గట్టు మీద పరిచిన మర్నాడే వాన పడింది. తెల్లారి చూస్తే, సున్నం వేసిన గట్టు మీద ఆకుపచ్చ నీళ్ళు చారలు కట్టి కిందికి దిగి ఉన్నాయి. ఒక ముక్క తీసి తెల్ల గిన్నెలో నానబెట్టాను. పావుగంటలో నీళ్ళు సిరా కలిపినట్టయ్యాయి. ముక్కను పిండితే లోపల కొబ్బరి పీచు రంగు. ఎప్పుడో చచ్చి ఎండిపోయిన నాచుకు రంగు వేశారన్నమాట. అలాంటిది బొమ్మల కొలువుకో, గోడ అలంకారానికో పనికొస్తుంది, కాదనను. బతికి ఉందని చెప్పి అమ్మడమే మోసం.

విత్తనాల సంగతి ఇంకా అన్యాయం. నాచుకు పువ్వు లేదు, కాయ లేదు, విత్తనం అసలే లేదు. సిద్ధబీజాలనే ధూళిలాంటి కణాలతో, తెగిపడిన ముక్కలతో అది వ్యాపిస్తుంది. ఇంటర్‌ వృక్షశాస్త్రంలో ఫ్యునేరియా అనే నాచు పాఠం చదివినవారికి గుర్తుండే ఉంటుంది. పొట్లంలోవి చల్లితే ఆరో రోజున ఎర్రటి కాడలతో మొలకలు లేచాయి. తోటకూర!

వెళ్ళి అడిగితే "నీళ్ళు ఎక్కువ పోసి ఉంటారమ్మా" అన్నారు. బిల్లు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. మీరు మాత్రం అడిగి తీసుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు ఫోను చేసినా చేతిలో ఆ కాగితం ఉంటేనే మాటకు బలం.

కొనే ముందు, ఎండి ముడుచుకున్న నాచు మీద నాలుగు చుక్కలు చిలకరించండి. ప్రాణం ఉన్నదైతే కాసేపట్లోనే ఆకులు విచ్చుకుంటాయి. తెల్ల గుడ్డతో అద్దితే రంగు అంటదు. అడుగున మట్టి, మట్టివాసన ఉంటాయి. నాకు అమ్మినది తడి లేకపోయినా మెత్తగా, వేళ్ళకు జిడ్డుగా తగిలింది.

అసలు వానాకాలంలో కొనవలసిన పనే లేదు. ఎండ తగలని ప్రహరీ అడుగున అరచేతి మేర నాచును మట్టితో సహా చెక్కి, తడిపిన గరుకు రాయి మీద అదిమి పెట్టండి. పక్కింటి గోడైతే వాళ్ళను అడిగి తీసుకోండి. దానికి నిజమైన వేళ్ళు ఉండవు, ఆకులతోనే నీరు పీల్చుకుంటుంది కాబట్టి పూటపూటా చిలకరిస్తే చాలు. మా బోరు నీళ్ళకు తెల్ల పొర కట్టింది, అందుకని వాననీళ్ళు పట్టి వాడుతున్నాను. మజ్జిగ పూయమని నర్సరీవాళ్ళు చెబితే పూశాను. బూజు పట్టింది, చీమలు చేరాయి.

మూడో పెట్టె ఇంకా విప్పలేదు. మా వీధివాళ్ళెవరైనా నాచు కొనాలనుకుంటే ముందు మా ఇంటికి రండి. దాన్నీ, గట్టు మీద ఇప్పుడిప్పుడే పట్టుకుంటున్న గోడ నాచునూ చేత్తో తాకి చూసి వెళ్ళండి.